కాస్త తిప్పి పేర్చిన గ్రాఫీన్ పొరల్లో అతివాహకత: ఎలక్ట్రాన్లను జతకలిపేది ఏది?

పెన్నేటి వాసి (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

సభ్యులందరికీ నమస్కారం. నేను చిప్ డిజైన్ రంగంలో పనిచేస్తున్నాను. ఘనస్థితి భౌతికశాస్త్రాన్ని ఎమ్మెస్సీలో చదివిన తరువాత మళ్లీ దాని జోలికి పోలేదు. ఈ మధ్య గ్రాఫీన్ మీద వస్తున్న వ్యాసాలు చదువుతుంటే రెండు సందేహాలు వదలడం లేదు.

గ్రాఫీన్ అంటే ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర. అలాంటి రెండు పొరలను సుమారు 1.1 డిగ్రీల కోణం తేడాతో ఒకదానిపై ఒకటి పేర్చితే అతివాహకత (విద్యుత్తు నిరోధమే లేకుండా పారడం) వస్తుందని 2018 మార్చిలో అమెరికాలోని ఎంఐటీకి చెందిన పాబ్లో హరీయో-ఎరేరో బృందం ప్రకటించింది. యువాన్ కావో అప్పటికి అక్కడ పరిశోధక విద్యార్థి. వారు చూసిన గరిష్ఠ ఉష్ణోగ్రత 1.7 కెల్విన్, అంటే దాదాపు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్. 1911లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో అతివాహకతను చూసింది 4.2 కెల్విన్ దగ్గర. అంటే వందేళ్లకు పైబడిన పాత లోహం కన్నా ఈ కొత్త పదార్థాన్ని ఇంకా చల్లబరచాలి. అలాంటప్పుడు ఇంత కోలాహలం ఎందుకన్నది మొదటి సందేహం.

రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం స్ఫటిక కంపనాలు, అంటే ఫోనాన్లు, ఎలక్ట్రాన్లను జతలు జతలుగా కలుపుతాయి. గ్రాఫీన్‌లో కనిపించినది ఆ తరహాది కాదని, అసాంప్రదాయిక అతివాహకత అని దాదాపు ప్రతి వ్యాసమూ చెబుతోంది. ఇక్కడ పని చేస్తున్నవి ఫోనాన్లు కావని నిజంగా ఎవరైనా చూపించారా, లేక అలా అనుకుంటే బాగుంటుంది కనుక అనుకుంటున్నారా?

చలిగది (యశ్వంతపురం, బెంగళూరు)

పెన్నేటి వాసి గారూ, మంచి ప్రశ్న. నేను తక్కువ ఉష్ణోగ్రతల ప్రయోగాలు చేసే పరిశోధక విద్యార్థిని. మొదటి సందేహానికి నాకు తెలిసినంతలో సమాధానం చెబుతాను. రెండోదాని మీద మా ల్యాబ్‌లోనే ఏకాభిప్రాయం లేదు.

1.7 కెల్విన్ అన్న అంకెను విడిగా చూస్తే అది నిజంగా చిన్నదే. కానీ ఆ అతివాహకతను మోస్తున్న ఎలక్ట్రాన్లు ఎన్ని అన్నది చూడండి. ఈ పరికరాల్లో చదరపు సెంటీమీటరుకు ఎలక్ట్రాన్లు లక్ష కోట్ల స్థాయిలో ఉంటాయి. పక్కనే ఉన్న బంధక స్థితి (విద్యుత్తు పారని స్థితి) నుంచి లెక్కపెడితే అతివాహకతలో పాల్గొనేవి సుమారు 15 వేల కోట్లే అని ఆ తొలి పత్రం చెప్పింది. అంత పలుచని ఎలక్ట్రాన్ల సముదాయంలో అతివాహకత రావడమే వింత. అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గర అతివాహకంగా మారుతుంది, కానీ దాని ఫెర్మి ఉష్ణోగ్రత, అంటే ఎలక్ట్రాన్ల చలనశక్తిని ఉష్ణోగ్రతగా చెప్పే కొలత, లక్ష కెల్విన్‌లకు పైన ఉంటుంది. అంటే రెండింటి నిష్పత్తి లక్షో వంతు స్థాయిలో ఉంటుంది. తిప్పిన గ్రాఫీన్‌లో ఫెర్మి ఉష్ణోగ్రత 20 కెల్విన్‌ల చుట్టుపక్కల ఉంటుంది కనుక అదే నిష్పత్తి నూటికి ఐదు నుంచి పది పాళ్ల మధ్యకు వస్తుంది. ఈ కొలతలో అది అల్యూమినియం, పాదరసం పక్కన కాక, కుప్రేట్ల (రాగి ఆక్సైడ్ పదార్థాల) వంటి అధిక ఉష్ణోగ్రతా అతివాహకాల పక్కన కూర్చుంటుంది.

దీనికి తోడు, బోరాన్ నైట్రైడ్ అనే బంధక పొర అవతల ఎలక్ట్రోడ్ లాగా ఉన్న గేట్‌కు కొన్ని వోల్టులు ఇస్తే ఎలక్ట్రాన్ల సంఖ్య మారిపోతుంది. కుప్రేట్లలో డోపింగ్, అంటే ఎలక్ట్రాన్ల సంఖ్య, మార్చాలంటే ప్రతిసారీ కొత్త స్ఫటికం పెంచాలి. ఇక్కడ ఒకే పరికరంలో, ఫ్రిజ్ తెరవకుండానే, లోహాన్ని, బంధకాన్ని, అతివాహకాన్ని ఒకదాని తరువాత ఒకటి చూడవచ్చు. ఈ రంగంలోకి ఇంతమంది రావడానికి ఉష్ణోగ్రత కన్నా ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

సీమ మాస్టారు (మల్లేశ్వరం, బెంగళూరు)

ఈ చర్చను మా పాత విద్యార్థులు కూడా చదువుతారు కనుక కోణం సంగతి కొంత వివరిస్తాను. అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు చాలాకాలం పాఠాలు చెప్పినవాడిని, అలవాటు పోలేదు.

రెండు దోమల జాలీలను ఒకదానిపై ఒకటి పెట్టి కొద్దిగా తిప్పితే, జాలీ గళ్ల కన్నా ఎంతో పెద్దవైన మచ్చలు వరుసలు కట్టి కనిపిస్తాయి. వాటినే మోరే నమూనా అంటారు. గ్రాఫీన్‌లో కార్బన్ జాలకం పునరావృతమయ్యే దూరం 0.246 నానోమీటర్లు. 1.1 డిగ్రీల కోణం దగ్గర మోరే నమూనా పునరావృతమయ్యే దూరం సుమారు 13 నానోమీటర్లు. అలాంటి ఒక్కొక్క గడిలో దాదాపు 11 వేల పరమాణువులు ఉంటాయి. కోణం తగ్గేకొద్దీ గడి పెద్దదవుతుంది.

ఒంటి పొర గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 10 లక్షల మీటర్ల వేగంతో పోతాయి. రెండు పొరలను దగ్గర చేసి తిప్పినప్పుడు, ఒక పొర నుంచి మరొక పొరకు ఎలక్ట్రాన్ దూకే శక్తికీ, కోణం వల్ల రెండు పొరల శక్తి శంకువుల (ఎలక్ట్రాన్ శక్తిని గీసినప్పుడు వచ్చే శంకువు ఆకారాల) మధ్య ఏర్పడే ఎడానికీ పోటీ మొదలవుతుంది. ఒకానొక కోణం దగ్గర ఆ రెండూ సరితూగి ఎలక్ట్రాన్ వేగం దాదాపు సున్నా అవుతుంది. దాంతో శక్తి బ్యాండు, అంటే ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల పట్టీ, చదునుగా మారుతుంది. 2010లో చిలీకి చెందిన సువారెస్ మోరెల్, ఆయన సహచరులు ఇలాంటి చదునైన బ్యాండ్లను లెక్కల్లో చూశారు. 2011లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన రఫీ బిస్ట్రిట్సర్, అలన్ మెక్‌డొనాల్డ్ ఆ కోణం 1.05 డిగ్రీల దగ్గర ఉంటుందని చెప్పి దానికి మ్యాజిక్ కోణం అని పేరు పెట్టారు. వారిద్దరికీ హరీయో-ఎరేరోకూ కలిపి 2020లో భౌతికశాస్త్రంలో వూల్ఫ్ బహుమతి ఇచ్చారు.

బ్యాండు వెడల్పు 10 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల స్థాయికి కుంచించుకుపోయినప్పుడు ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ శక్తి దానికన్నా పెద్దదవుతుంది. సాధారణ లోహాలలో చలనశక్తి పెద్దది, వికర్షణ చిన్న సవరణ మాత్రమే. ఇక్కడ ఆ వరుస తారుమారైంది.

పెన్నేటి వాసి

మాస్టారూ, చలిగది గారూ, ధన్యవాదాలు. కానీ నా రెండో సందేహం మరింత గట్టిపడింది.

బ్యాండు చదునుగా ఉంటే ఫెర్మి స్థాయి (ఎలక్ట్రాన్లు నిండిన పై అంచు) దగ్గర స్థితుల సాంద్రత, అంటే ఎలక్ట్రాన్లకు అందుబాటులో ఉన్న స్థితుల సంఖ్య, విపరీతంగా పెరుగుతుంది. 1957 నాటి సిద్ధాంతంలో అతివాహక ఉష్ణోగ్రత ఆ సాంద్రత మీద ఘాతీయంగా ఆధారపడుతుంది కదా. అంటే ఫోనాన్లు మామూలుగా పనిచేస్తున్నాయనీ, చదునైన బ్యాండు వాటికి ఊతమిచ్చిందనీ అనుకుంటే చాలదా? తక్కువ ఎలక్ట్రాన్లతో ఎక్కువ ఉష్ణోగ్రత అన్న వాదన ఫోనాన్లను తోసిపుచ్చడం లేదు.

తరమణి (చెన్నై)

తోసిపుచ్చడం లేదు. మీ అనుమానం సరైనదే. నేను చెన్నైలో సిద్ధాంత విభాగంలో పనిచేస్తున్నాను. ఫెర్మి ఉష్ణోగ్రతతో నిష్పత్తి తీసే వాదన మీద నాకు మొదటి నుంచీ కొంత అసంతృప్తి ఉంది. బ్యాండే చదునుగా ఉన్నచోట, పైగా ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావం వల్ల దాని ఆకారమే మారిపోయేచోట, ఫెర్మి ఉష్ణోగ్రత అని దేనిని అనాలో తేల్చుకోవడం కష్టం.

2018లోనే ఫెంగ్‌చెంగ్ వు, మెక్‌డొనాల్డ్, మార్టిన్ ముగ్గురూ కలిసి ఫోనాన్లతోనే కెల్విన్ స్థాయి అతివాహకత వస్తుందని లెక్క చూపించారు. 2019లో ప్రిన్స్‌టన్‌కు చెందిన బెర్నెవిగ్, ఆయన సహచరులు మరో దారిలో అదే స్థాయికి చేరుకున్నారు. అంతేకాదు, 2024 చివరలో వచ్చిన ఒక ప్రయోగంలో (కాంతి పడినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లను కొలిచేది) చదునైన బ్యాండుకు 150 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల ఎడంతో ప్రతిరూప బ్యాండ్లు, అంటే అదే బ్యాండు నకళ్లు, కనిపించాయి. ఎలక్ట్రాన్లకూ గ్రాఫీన్‌లోని అధిక పౌనఃపున్య ఫోనాన్లకూ బలమైన సంబంధం ఉంటే వచ్చే గుర్తులవి. అవి అతివాహకత ఉన్న నమూనాల్లో కనిపించాయి. బోరాన్ నైట్రైడ్‌తో జాలకం సరిగ్గా వరుస కలిసి అతివాహకత పోయిన నమూనాల్లో కనిపించలేదు. ఫోనాన్ల పక్షాన నాకు తెలిసిన బలమైన ప్రయోగసాక్ష్యాల్లో ఇదొకటి.

వికర్షణ వైపు నుంచి కూడా ఒక చిక్కు ఉంది. తొలి పత్రంలో అతివాహకత బంధక స్థితికి ఆనుకుని కనిపించడంతో, కుప్రేట్లలో లాగా ఆ బంధకమే అతివాహకతకు తల్లి అని చాలామంది అనుకున్నారు. 2020లో బార్సెలోనాలోని ఎఫెటోవ్ బృందం, కాలిఫోర్నియా శాంటా బార్బరాలోని ఆండ్రియా యంగ్ బృందం విడివిడిగా లోహపు గేట్‌ను బాగా దగ్గరకు తెచ్చి వికర్షణను బలహీనపరిచాయి. బంధక స్థితి చెదిరిపోయింది, అతివాహకత నిలిచింది. 2021లో బ్రౌన్ విశ్వవిద్యాలయం వారు వికర్షణను తెరచాటు చేసేకొద్దీ అతివాహకత బలపడిందని చూపారు. వికర్షణే జతకలుపుతుంటే, దాన్ని తగ్గించినప్పుడు జతలు తెగాలి కదా.

హెబ్బాళ చదువరి (బెంగళూరు)

ఇంతవరకు చదివాక నాకు ఫోనాన్ల పక్షమే బరువుగా కనిపిస్తోంది. మరి మిగతా ప్రపంచం ఎందుకు ఒప్పుకోవడం లేదు? ప్రయోగం చేసేవారు చెప్పాలి.

చలిగది

తరమణి గారు ఒక పక్షం చెప్పారు. రెండో పక్షం అంతకన్నా పెద్దదిగా ఉంది. దాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

మొదట టన్నెలింగ్, అంటే సూదిమొనకూ నమూనాకూ మధ్య సన్నని ఖాళీని ఎలక్ట్రాన్లు దాటిపోవడం. అతివాహకంలో ఎలక్ట్రాన్ల జతను విడదీయడానికి కావలసిన కనీస శక్తిని శక్తి అంతరం అంటాం. సాంప్రదాయిక అతివాహకాల్లో ఆ అంతరం అన్ని దిశలలోనూ ఉంటుంది, అందువల్ల టన్నెలింగ్ వక్రరేఖ అడుగు చదునైన పళ్లెంలా ఉండి ఇంగ్లిషు యూ అక్షరాన్ని పోలి ఉంటుంది. కొన్ని దిశలలో అంతరం సున్నా అయితే, అంటే నోడ్లు ఉంటే, అడుగు సూదిగా మారి వీ అక్షరంలా కనిపిస్తుంది. 2021లో ప్రిన్స్‌టన్‌లోని అలీ యజ్దానీ బృందం స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపుతో మ్యాజిక్ కోణపు గ్రాఫీన్‌లో వీ ఆకారాన్నే చూసింది. అంతరం పరిమాణం కూడా సాంప్రదాయిక సిద్ధాంతం చెప్పే నిష్పత్తికి చాలా మించి ఉంది. అతివాహకత పోయిన తరువాత కూడా, పై ఉష్ణోగ్రతల్లో, అంతరం లాంటి గుంట, అంటే మిథ్యా అంతరం, ఒకటి మిగిలింది. ఇది కుప్రేట్లు చూసినవారికి చాలా పరిచితమైన దృశ్యం.

రెండోది అయస్కాంత క్షేత్రం. మామూలు జతలో రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటాయి. క్షేత్రం పెంచితే రెండు స్పిన్‌లనూ ఒకే వైపు తిప్పాలని చూస్తుంది, ఒక హద్దు దాటాక జత తెగుతుంది. దీన్ని పౌలి హద్దు అంటాం. అతివాహక ఉష్ణోగ్రత ఒక కెల్విన్ అయితే హద్దు సుమారు 1.86 టెస్లా. 2021లో ఎంఐటీ, హార్వర్డ్ బృందాలు మూడు గ్రాఫీన్ పొరలను ఒకటి విడిచి ఒకటి వ్యతిరేక దిశలో 1.57 డిగ్రీల దగ్గర తిప్పి పేర్చినప్పుడు సుమారు 2.9 కెల్విన్‌ల దాకా అతివాహకత చూశాయి. అదే మూడు పొరల నమూనాలో, పొరలకు సమాంతరంగా ఉన్న క్షేత్రంలో, అతివాహకత 10 టెస్లాల దాకా బతికింది. పౌలి హద్దుకు రెండు మూడు రెట్లు అది. పైగా ఒకసారి పోయిన అతివాహకత ఇంకా పెద్ద క్షేత్రంలో తిరిగి వచ్చింది. ఎదురెదురు స్పిన్‌ల జతతో దీన్ని వివరించడం చాలా కష్టం. స్పిన్‌లు ఒకే వైపున్న జతలు, అంటే ట్రిప్లెట్లు, కావచ్చునన్న అనుమానం ఇక్కడే బలపడింది. రెండు పొరల నమూనాలో ఈ పరీక్ష ఇంత శుభ్రంగా కుదరదు, ఎందుకంటే సమాంతర క్షేత్రం రెండు పొరల మధ్య ఎలక్ట్రాన్ల గమనాన్నే చెదరగొడుతుంది. మూడు పొరల్లో అద్దపు సౌష్ఠవం వల్ల ఆ ప్రభావం చాలావరకు రద్దవుతుంది.

హెబ్బాళ చదువరి

టన్నెలింగ్ గురించి ఒక అభ్యంతరం. నేను ఉపరితల మైక్రోస్కోపీతో కొంతకాలం పనిచేశాను. సూదిమొన కింద కనిపించే గుంట అతివాహకతదే అని ఎలా చెప్పగలం? నమూనాలో కోణం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే సగటు తీసినప్పుడు యూ కూడా వీ లాగా కనిపించవచ్చు. మిథ్యా అంతరం కూడా ఉందని మీరే అంటున్నారు. సూదిమొన చూసిన చోట అతివాహకత ఉందని విద్యుత్ నిరోధం కొలిచి చూపారా?

చలిగది

సరిగ్గా అదే లోపం మీద మొదటి నుంచీ విమర్శ ఉంది. ప్రిన్స్‌టన్ వారు దానికి పాక్షికంగా జవాబిచ్చారు. మొనను నమూనాకు తాకించి ఆండ్రెయెవ్ పరావర్తనం, అంటే మొన నుంచి వెళ్లిన ఎలక్ట్రాన్ లోపల జతగా మారే ప్రక్రియ, కొలిచారు. అతివాహకత ఉంటేనే వచ్చే సంకేతం అది, పైగా అది టన్నెలింగ్ అంతరం కన్నా తక్కువ శక్తి దగ్గర వచ్చింది. అంటే పెద్ద గుంటలో కొంతభాగం అతివాహకతది కాదు. ఎంఐటీ బృందం 2025లో మూడు పొరల నమూనాలో నిరోధాన్నీ టన్నెలింగ్‌నూ ఒకే పరికరంలో ఒకేసారి కొలిచింది. నిరోధం సున్నా అయ్యే ఉష్ణోగ్రత దగ్గర, క్షేత్రం దగ్గర పుట్టి చనిపోయే అంతరాన్ని విడిగా గుర్తించగలిగింది. అది వీ ఆకారంలోనే ఉంది.

అయితే కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో నాజ్-పెర్జ్ బృందం 2022లో మూడు పొరల్లోనే ఎలక్ట్రాన్ల సంఖ్యను బట్టి యూ ఆకారమూ వీ ఆకారమూ రెండూ కనిపించాయని ప్రచురించింది. ఈ విషయాన్ని పక్కన పెట్టి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ.

తరమణి

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ చర్చ అంతా దాని మీదే తిరుగుతోంది. అంతరం ఆకారం వేరు, జతకలిపేది ఏదన్నది వేరు. అంతరంలో నోడ్లు ఉన్నాయని రుజువైతే, జత మామూలు ఎస్-తరంగ (అన్ని దిశల్లో ఒకేలా ఉండే) జత కాదని రుజువవుతుంది. అంతే. దాన్నిబట్టి ఫోనాన్లు లేవని తేలదు. నేను పైన చెప్పిన వు, మెక్‌డొనాల్డ్, మార్టిన్ల లెక్కలోనే ఫోనాన్ల వల్ల ఎస్-తరంగ జతలే కాక డి-తరంగ (దిశను బట్టి గుర్తు మారే) జతలకు కూడా ఆకర్షణ వస్తుంది. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్‌కు స్పిన్‌తో పాటు వ్యాలీ (ఏ శక్తి లోయలో ఉందో), ఉపజాలకం (రెండు రకాల పరమాణు స్థానాల్లో దేని మీద ఉందో) అన్న గుర్తింపులు కూడా ఉండడం వల్ల ఈ వెసులుబాటు వచ్చింది. కుప్రేట్లలో డి-తరంగం అనగానే ఫోనాన్లను పక్కకు నెట్టిన అలవాటును ఇక్కడికి యథాతథంగా తీసుకురాకూడదు.

నన్ను నిజంగా కుదిపింది 2025లో వచ్చిన సూపర్‌ఫ్లూయిడ్ దృఢత్వం కొలతలు. ఎంఐటీలో ఒక బృందం రెండు పొరల నమూనాను మైక్రోవేవ్ రెజొనేటర్‌కు కలిపి, దాని పౌనఃపున్యం ఎంత జరిగిందో చూసి గతిజ ఇండక్టెన్స్‌ను లెక్కగట్టింది. అతివాహక ప్రవాహం ఎంత గట్టిగా నిలబడుతుందో దాని నుంచి తెలుస్తుంది. హార్వర్డ్ బృందం మూడు పొరలతో అదే పని చేసింది. సాధారణ సూత్రంలో దృఢత్వం ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి విలోమంగా ఉంటుంది. బ్యాండు చదునైతే ద్రవ్యరాశి బ్రహ్మాండంగా పెరుగుతుంది కనుక దృఢత్వం దాదాపు సున్నా కావాలి, అతివాహకత నిలవకూడదు. కొలిస్తే ఆ సూత్రం చెప్పిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. 2015లో ఫిన్లండ్‌కు చెందిన పైవీ టోర్మా, సెబాస్టియానో పియొట్టా చదునైన బ్యాండులో కూడా తరంగ ప్రమేయాల జ్యామితి వల్ల, అంటే క్వాంటమ్ జ్యామితి వల్ల, ప్రవాహం సాధ్యమని చెప్పారు. ఆ మాటకు ప్రయోగం నుంచి వచ్చిన గట్టి దన్ను ఇది. ఉష్ణోగ్రతతో పాటు దృఢత్వం తగ్గే తీరు కూడా ఘాతీయంగా కాక, ఉష్ణోగ్రత యొక్క ఒక ఘాతాన్ని అనుసరించే నియమంలా (పవర్ లా) ఉంది. ఇది అన్ని దిశల్లోనూ సమానమైన అంతరానికి పొసగదు.

సీమ మాస్టారు

తరమణి గారు చెన్నై నుంచి రాస్తున్నారు కనుక అక్కడి సంగతి ఒకటి గుర్తుచేస్తాను. తరమణిలోని గణిత విజ్ఞాన సంస్థకు చెందిన జి. బాస్కరన్, 1987లో ఫిలిప్ ఆండర్సన్‌తో కలిసి కుప్రేట్ల మీద ఎలక్ట్రాన్ల వికర్షణ నుంచే జతలు పుడతాయనే రెజొనేటింగ్ వేలెన్స్ బాండ్ సిద్ధాంతాన్ని నిర్మించినవారు. 2002లో ఆయన ఆ ఆలోచనను గ్రాఫైట్ పొరలకు విస్తరించారు. 2010లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సందీప్ పాఠక్, విజయ్ షెనాయ్‌లతో కలిసి, ఎలక్ట్రాన్లను తగినంత నింపితే గ్రాఫీన్‌లో డి ప్లస్ ఐ డి తరహా (రెండు డి-తరంగాలు కలిసిన) అతివాహకత రావచ్చునని రాశారు. మ్యాజిక్ కోణపు ప్రయోగానికి ఎనిమిదేళ్ల ముందు మాట అది. మన రెండు ఊళ్ల మధ్య పుట్టిన ఆ పనిని ఈ చర్చలలో ఎవరూ తలచుకోకపోవడం నాకు కొంత కష్టంగా ఉంటుంది.

తరమణి

మాస్టారూ, ఆ పత్రం మీద నాకు కూడా గౌరవం ఉంది. అయితే అది ఒంటి పొర గ్రాఫీన్‌ను చాలా ఎక్కువగా డోపింగ్ చేసిన స్థితి గురించినది. అక్కడ జతకలిపే శక్తి పక్కపక్క పరమాణువుల మీది స్పిన్‌ల మధ్య ఏర్పడుతుంది. మ్యాజిక్ కోణంలో ఎలక్ట్రాన్ తరంగాలు 13 నానోమీటర్ల గడి మీద పరుచుకుని ఉంటాయి, డోపింగ్ స్థాయి కూడా అందులో చాలా చిన్న భాగం. కాబట్టి దాన్ని ఈ ఆవిష్కరణకు ముందస్తు జోస్యం అనలేము. వికర్షణ నుంచి ఆకర్షణ పుట్టవచ్చన్న ఆలోచన తేనెతుట్టె జాలకం మీద ఎలా పనిచేస్తుందో ముందుగా శ్రద్ధగా లెక్కించినవారిలో వారున్నారు అనడం న్యాయం.

బెంగళూరులో ప్రయోగాల వైపు కూడా పని జరుగుతోంది. 2022లో భారతీయ విజ్ఞాన సంస్థలోని అనింద్య దాస్ బృందం మ్యాజిక్ కోణపు గ్రాఫీన్‌లో ఉష్ణవిద్యుత్ ప్రభావం కొలిచి, తక్కువ ఉష్ణోగ్రతల్లో అది అసాధారణంగా పెద్దదిగా ఉందని, ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావమే దానికి కారణమని చూపింది. అతివాహకత ఏ లోహస్థితి నుంచి పుడుతుందో ముందు తెలియాలి కదా. ఆ ప్రశ్నకు ఈ కొలత సూటిగా తగులుతుంది.

పెన్నేటి వాసి

ఒక ఇంజనీరుగా అడుగుతున్నాను, విసుక్కోవద్దు. ఒకే కోణం, ఒకే పదార్థం అంటున్నారు, కానీ ఒక బృందానికి యూ, ఇంకో బృందానికి వీ. ఒకచోట 1.7 కెల్విన్, ఇంకోచోట 3 కెల్విన్. మా రంగంలో ఇంత తేడా వస్తే ముందు తయారీని అనుమానిస్తాం. ఇక్కడ పరికరాలు ఎలా తయారవుతున్నాయి?

చలిగది

విసుక్కోవడానికి ఏమీ లేదు, మా బాధే అది. మామూలు గ్రాఫైట్ మీద టేపు అంటించి లాగి, సిలికాన్ మీద పడిన తునకలలో ఒంటి పొర ఫ్లేక్‌ను మైక్రోస్కోపులో వెతుక్కుంటాం. బోరాన్ నైట్రైడ్ తునకను పాలిమర్ స్టాంపుతో పట్టి, ఆ గ్రాఫీన్‌లో సగం భాగాన్ని మాత్రం ఎత్తి, కింది పళ్లేన్ని ఒక డిగ్రీకి కొంచెం పైగా తిప్పి, మిగిలిన సగం మీద దించుతాం. రెండూ ఒకే స్ఫటికం ముక్కలు కనుక మొదటి కోణం సున్నా అని నమ్మవచ్చు. టెక్సస్‌లోని ఇమాన్యుయెల్ టుటుక్ బృందం ఈ పద్ధతిని 2016 నాటికి నిలబెట్టింది. ప్రపంచంలోని చాలా ల్యాబులకు మంచి బోరాన్ నైట్రైడ్ జపాన్‌లోని త్సుకుబా నుంచి, తనిగుచి, వతనబే అన్న ఇద్దరు శాస్త్రజ్ఞుల దగ్గర నుంచి వస్తుంది.

ఇంత చేసినా పొరలు చెప్పిన మాట వినవు. కోణం సున్నా అయితే వాటికి శక్తి తక్కువ, కాబట్టి వేడి చేసినప్పుడు తిరిగి సర్దుకోవాలని చూస్తాయి. మధ్యలో గాలి బుడగలు, ముడతలు. 2020లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన ఎలి జెల్డోవ్ బృందం సూదిమొన మీద అమర్చిన, అతి చిన్న అయస్కాంత క్షేత్రాలను పట్టే స్క్విడ్‌తో ఇలాంటి పరికరాలలో కోణం చోటు చోటుకు ఎలా మారుతుందో పటం గీసింది. బాగున్నాయనుకున్న పరికరాల్లోనూ కోణం ఎక్కడా ఒకేలా లేదు. కోణంలో డిగ్రీలో పదో వంతు తేడా వస్తే అతివాహకత బలహీనపడవచ్చు, పోవచ్చు కూడా. ఒక చిన్న ఊరట ఏమిటంటే, కోణం తప్పినా ఒత్తిడితో కొంత సరిచేయవచ్చు. 2019లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని కోరీ డీన్ బృందం, యంగ్ బృందంతో కలిసి, 1.27 డిగ్రీల నమూనాను ఒత్తిడితో నొక్కి, ఎలక్ట్రాన్లు పొరల మధ్య దూకడాన్ని పెంచి అతివాహకతను రప్పించింది. మూడు, నాలుగు, ఐదు పొరల నమూనాల్లో మ్యాజిక్ కోణం పెద్దది కనుక పొరపాటు కొంత సర్దుకుంటుంది.

మా దగ్గర ఇంకో చిక్కు, ఇంత చలి తెప్పించడానికి కావలసిన హీలియం. దేశం దాదాపు మొత్తం దిగుమతి మీదే ఆధారపడుతుంది. ధర పెరిగినప్పుడల్లా ఏ కొలత ముందు, ఏది వెనుక అన్న బేరాలు ల్యాబ్‌లో మొదలవుతాయి. ఇది ఈ చర్చకు సంబంధించినది కాదు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

హెబ్బాళ చదువరి

అలాగైతే కోణం తలనొప్పి లేని చోట ఇదే భౌతికశాస్త్రం దొరకదా? తిప్పని పొరల్లో కూడా అతివాహకత వచ్చిందని విన్నాను.

తరమణి

వచ్చింది. ఈ చర్చకు అది చాలా అవసరమైన సంగతి. 2021లో యంగ్ బృందం మూడు పొరలు మెట్లు మెట్లుగా పేర్చుకున్న రాంబోహెడ్రల్ గ్రాఫీన్‌లో, ఏ మాత్రం తిప్పకుండానే, 0.1 కెల్విన్ స్థాయిలో అతివాహకత చూసింది. 2022లో అదే బృందం మామూలు గ్రాఫైట్‌లో లాగా పేర్చుకున్న, బెర్నల్ అనే రెండు పొరల గ్రాఫీన్‌లో సుమారు 26 మిల్లీ కెల్విన్‌ల దగ్గర చూసింది. అక్కడ విడ్డూరం ఏమిటంటే, అయస్కాంత క్షేత్రం పెడితేనే అతివాహకత వచ్చింది. దాని పక్కన టంగ్‌స్టన్ డైసెలినైడ్ పొర ఒకటి పెడితే క్షేత్రం లేకుండానే, పది రెట్లు ఎక్కువ ఉష్ణోగ్రతలో వస్తుందని 2023లో నాజ్-పెర్జ్ బృందం చూపింది. 2025లో ఎంఐటీలోని లాంగ్ జూ బృందం నాలుగు, ఐదు రాంబోహెడ్రల్ పొరల్లో చైరల్ (ఒక తిరిగే దిశను ఎంచుకునే) అతివాహకత గుర్తులు చూసింది. అతివాహకత తానే ఒక అయస్కాంతంలా క్షేత్రం దిశను గుర్తుపెట్టుకుంది. అదే సమయంలో కార్నెల్, కొలంబియా బృందాలు గ్రాఫీన్‌ను వదిలేసి తిప్పిన టంగ్‌స్టన్ డైసెలినైడ్ పొరల్లో అతివాహకత చూశాయి.

కనుక మోరే నమూనా తప్పనిసరి కాదు. స్థితుల సాంద్రత పెద్దది కావాలి, స్పిన్, వ్యాలీ సౌష్ఠవాలు చెదిరే స్థితి దగ్గరలో ఉండాలి. ఈ రెండూ ఉన్నచోటల్లా ఏదో ఒక అతివాహకత తలెత్తుతోంది. కానీ అన్నింటికీ ఒకే కారణం ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. చైరల్ స్థితిలో ఎలక్ట్రాన్లు అన్నీ ఒకే స్పిన్, ఒకే వ్యాలీలో ఉన్నట్టు కనబడుతోంది, అక్కడ ఫోనాన్ల వాదన నిలబెట్టడం నాకు చాలా కష్టంగా ఉంది. మ్యాజిక్ కోణంలో మాత్రం ఫోనాన్లనూ వికర్షణనూ విడదీసి, ఒకదాన్ని దోషిగా నిలబెట్టడం సాధ్యం కాకపోవచ్చు. చదునైన బ్యాండులో రెండు శక్తులూ ఒకే స్థాయిలో ఉన్నాయి, రెండూ కలిసి పనిచేస్తున్నాయనే నా మొగ్గు.

పెన్నేటి వాసి

చివరగా ఒకటి. కుప్రేట్లలో డి-తరంగం అని అందరూ ఒప్పుకున్నది టన్నెలింగ్ వక్రరేఖ చూసి కాదని చదివిన గుర్తు. ఇక్కడ అలాంటి తీర్పు చెప్పగల ప్రయోగం ఏదీ లేదా?

చలిగది

మీ గుర్తు సరైనదే. అంతరం పరిమాణం కాక, దాని దశ ఒక దిశ నుంచి ఇంకో దిశకు గుర్తు మారుతుందా అన్నది అక్కడ చూశారు. 1993లో ఇల్లినాయిస్‌లో వాన్ హార్లింగెన్ బృందం స్ఫటికం మూలను చుట్టిన జంక్షన్లతో, 1994లో ఐబీఎంలో త్సుయి, కిర్ట్లీ మూడు స్ఫటికాల కూడలిలో వలయాలు చేసి దాన్ని తేల్చారు. ఆ వలయంలో అయస్కాంత అభివాహం సగం క్వాంటంగా దానంతటదే నిలిచింది.

తిప్పిన గ్రాఫీన్‌లో జోసెఫ్‌సన్ జంక్షన్లు, అంటే రెండు అతివాహకాల మధ్య సన్నని అడ్డు ఉండే కూడళ్లు, చేయడం ఇప్పటికే వచ్చు. ఒకే నమూనా మీద గేట్లు పెట్టి, మధ్యభాగాన్ని మాత్రం బంధకంగా మార్చితే జంక్షన్ తయారవుతుంది. 2021లో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్‌లోనూ ఎంఐటీలోనూ చేశారు. కానీ దశను తేల్చే ప్రయోగానికి దిశ తెలిసిన అంచులు కావాలి, వాటి పొడవునా కోణం మారకూడదు, ఎదుటి వైపు దశ తెలిసిన సాంప్రదాయిక అతివాహకం శుభ్రంగా తగలాలి. గ్రాఫీన్ జాలకానికి మూడు మడతల సౌష్ఠవం ఉంది కనుక రెండు రకాల డి-తరంగాలు సమాన శక్తితో ఉంటాయి. అవి చైరల్‌గా కలిస్తే నోడ్లు ఉండవు, నెమాటిక్‌గా ఒక దిశను ఎంచుకుంటే నోడ్లు ఉండవచ్చు. నమూనాలో ఉన్న చిన్న సాగుదల కూడా ఆ ఎంపికను మార్చగలదు. అంచు దిశనూ సాగుదలనూ రెండింటినీ అదుపులో పెట్టి, ఒకే పరికరంలో యూ నుంచి వీ దాకా గేట్‌తో నడుపుతూ దశ కొలవగలిగితే, అంతరం ఆకారం గురించిన వాదన ముగుస్తుంది. జతకలిపేది ఏదన్న తరమణి గారి ప్రశ్నకు మాత్రం అప్పటికీ ఇంకో ప్రయోగం కావాలి. కార్బన్-12 బదులు కార్బన్-13తో గ్రాఫీన్ చేసి, అదే కోణంలో పేర్చి, అతివాహక ఉష్ణోగ్రత జరిగిందో లేదో చూడాలి. 1950లో పాదరసం ఐసోటోపులతో ఫోనాన్ల పాత్రను పట్టుకున్నది ఆ దారిలోనే. రెండు పరికరాల కోణం ఒకటేనని నమ్మగలిగే స్థితి వస్తేనే ఆ తేడాకు అర్థం ఉంటుంది, ఎందుకంటే కోణం వల్ల వచ్చే తేడా ఐసోటోపు వల్ల వచ్చేదాని కన్నా పెద్దది.